పెట్టెలో గుప్పెడు సామలు

చింతపల్లిలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానము ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయమునకు చెందినది. దాని చుట్టుపట్ల కొండలలో గిరిజనులు పండించు చోళ్లు, సామలు, వలిసెలు, పసుపు, రాజ్మాలే అచ్చటి శాస్త్రజ్ఞుల విద్యకు ఆధారము. వారిలో ఒకరు విదేశములో జరుగు సభకు పోవలసివచ్చినపుడు వీసా కొరకు, సెలవు కొరకు, నిరభ్యంతర పత్రము కొరకు నెలల తరబడి తిరుగుదురు గాని, పెట్టె సర్దుకొను నాటి రాత్రి, ఇందులో నాది ఏది, నాది కానిది ఏది అని తరచి చూచుకొనువారు అరుదు. విత్తన సేకరణ పనిని చిరకాలము దగ్గరనుండి చూచినవాడను గనుక, ఆ పనిలోని సగము నేర్పు ఈ ప్రశ్నలోనే ఉన్నదని నా నమ్మకము.

అమెరికాలో పరిశోధన చేయుచున్న పూర్వ శిష్యుడు, "గురువుగారూ, వచ్చునపుడు మన కొండ సామలు ఒక గుప్పెడు తెచ్చిపెట్టండి" అని అడుగుట సహజము. కాదనుట గురువునకు కష్టము. కాని 1992లో రియోలో కుదిరిన ఒడంబడికను అనుసరించి మన దేశము చేసికొన్న 2002 జీవవైవిధ్య చట్టము దృష్టిలో, భారత పౌరుడే అయినను ప్రవాసి యైన ఆ శిష్యుడు విదేశీయునితో సమానుడు. పరిశోధనకై మన జీవవనరును పొందగోరినచో అతడు చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతిని ముందుగా పొందవలెను. చోళ్ల సంగతి కొంత వేరు: ఆహార పంటల జన్యువనరులను గూర్చిన అంతర్జాతీయ ఒడంబడిక జాబితాలో అవి చేరినవి గనుక, జాతీయ వృక్ష జన్యువనరుల బ్యూరో ద్వారా ప్రామాణిక ఒప్పంద పత్రముతో పోవుటకు వానికి మార్గము కలదు. సామలు ఆ జాబితాలో లేవు. ఒకే పోడులో ప్రక్కప్రక్కన పెరిగిన రెండు ధాన్యములకు రెండు దారులు! ఇక వేయించిన అరకు కాఫీ పొట్లమా, అది అమ్మకపు సరుకు. స్నేహితునికి కానుకగా ఇచ్చుటకు ఈ చట్టము అడ్డురాదు, దిగు దేశపు సుంకపు నియమములను మాత్రము చూచుకొనవలెను.

ఇంత పట్టింపు దేనికని అడుగువారికి పసుపు కథ చెప్పవలసియున్నది. గాయములను మాన్పుటకు పసుపును వాడు పద్ధతిపై 1995లో మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రమునకు అమెరికాలో పేటెంటు లభించెను. మన శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధనా మండలి దానిని ప్రశ్నించి, ప్రాచీన సంస్కృత గ్రంథములను, 1953లో భారతీయ వైద్య సంఘపు పత్రికలో అచ్చయిన వ్యాసమును సాక్ష్యముగా చూపగా, 1997లో ఆ పేటెంటు రద్దయ్యెను. పసుపును రక్షించినది వ్రాతయే. కొండదొర తెగ ఇల్లాలు తన తల్లి చేతినుండి అందుకొని, ఏటేట ఏరి, అటక మీద దాచి నిలిపిన సామ రకమునకు ఏ గ్రంథము సాక్ష్యము పలుకును? దానికి ఉన్న వ్రాత, సేకరించిననాడు సంచికి కట్టిన చీటీ ఒక్కటే. పంచాయతీ జీవవైవిధ్య యాజమాన్య కమిటీ శ్రద్ధగా పని చేసినచోట, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులోని ఒక పంక్తి. ఊరి పేరు తెలిసినపుడు ఫలము ఊరికి చేరుటకు దారి ఏర్పడును. హైదరాబాదు సంస్థ యొకటి జపానునకు వేపాకు ఎగుమతి చేసి చెల్లించిన రాయల్టీలో కొంత పాలమూరు సీమలోని అమరచింతకు ముట్టినది. మొత్తము చిన్నదే, కాని ఆ ఊరు లెక్కలోనికి వచ్చినది.

విత్తనము కంటికి కనబడును. లాప్‌టాప్‌లోని సమాచారము కనబడదు. సభలో పత్రము చదువుటను, పత్రికలో ప్రకటించుటను, నిబంధనలకు లోబడినంతవరకు, చట్టము బదిలీగా ఎంచలేదు. పరిశోధన ఫలితములనే విదేశీ సంస్థ చేతికి అప్పగించుట మాత్రము వేరు సంగతి, దానికి అనుమతి కావలెను. తెగుళ్ల శాస్త్రజ్ఞులు ఇంకొక గడప కూడ దాటవలసియుండును. విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ వారి స్కోమెట్ అను ఎగుమతి నియంత్రణ జాబితాలో అణు సామగ్రి, క్షిపణులతో పాటు రోగకారక సూక్ష్మజీవులును, విషపదార్థములును ఉన్నవి. వానికి సంబంధించిన సాంకేతిక జ్ఞానమును ఈ-మెయిలులో పంపినను అది ఎగుమతియే. మన మెట్ట చేల ఆముదపు గింజలో పుట్టు రైసిన్ రసాయనాయుధ నిషేధ ఒప్పందపు మొదటి పట్టికలో ఉన్నదన్న సంగతి ఆముదముపై పని చేయువారందరికిని తెలిసియుండవలెను.

2023 సవరణ జీవవైవిధ్య చట్టము నుండి జైలు శిక్షను తొలగించి, లక్ష మొదలు 50 లక్షల రూపాయల వరకు జరిమానాను విధించినది. ఈ భయము చెప్పి యువశాస్త్రజ్ఞులను విదేశయాత్ర మాన్పించుట నాకు సమ్మతము కాదు. పోవలెను, నేర్చుకొనవలెను, మన పంటలను గూర్చి లోకమునకు చెప్పవలెను. అయితే ఏ పత్రము ఎవరికి వ్రాయవలెనో చెప్పు మనిషి దూరపు ప్రధాన కార్యాలయములో కాక, చింతపల్లి వంటి ప్రతి స్థానమునకును అందుబాటులో ఉండవలెను. పయనమునకు ముందు దినమున గాక, సభకు పత్రము పంపిననాడే అతనితో సంప్రదించుట అలవాటు కావలెను. సేకరణకు పోవు పిల్లలకు చీటీ వ్రాయుట మొట్టమొదట నేర్పవలెను: ఊరు, తేదీ, కొండవారు ఆ రకమును పిలుచు పేరు, ఇచ్చిన ఇంటి ఇల్లాలి పేరు. చెన్నైకి పంపు దరఖాస్తు అడుగునదియు ముఖ్యముగా ఇదే: ఏ వనరు, ఎచ్చటిది, ఎవరినుండి వచ్చినది.