గ్రహణాధ్యాయంలో అల్ బీరూనీ తీర్పు

అల్ బీరూనీ వ్రాసిన హిందూదేశ గ్రంథం పేరు మన సభల్లోనూ పత్రికల్లోనూ తరచుగా వినబడుతుంది. పేరు ఎత్తినవారిలో పుస్తకం తెరచినవారు తక్కువ. అందులో గ్రహణాలను గురించిన 59వ అధ్యాయం ఒకటి ఉన్నది. దానిని మనవారు వాడుకునే తీరు అందరికీ తెలిసినదే. హిందువులు రాహువు సూర్యుణ్ణి మింగుతాడని నమ్ముతూ ఉండగా, ఒక ముస్లిం పండితుడు వచ్చి చంద్రుడు అడ్డుపడటమే కారణమని వారికి తెలియజెప్పాడట! ఆ అధ్యాయాన్ని తెలుగు చేస్తూ కొన్ని నెలలు గడిపినవాడిగా మనవి చేస్తున్నాను, అల్ బీరూనీ అటువంటి మాట అనలేదు. చంద్రుణ్ణి కప్పేది భూమి నీడ అనీ, సూర్యుణ్ణి కప్పేది చంద్రుడనీ హిందూ ఖగోళ పండితులకు చక్కగా తెలుసుననీ, వారి గణితమంతా దాని మీదనే నిలిచి ఉన్నదనీ చెబుతూనే ఆయన అధ్యాయం మొదలుపెట్టాడు.

కనుక ఆయన వేసిన ప్రశ్న మనం అనుకున్నదానికంటే చాలా కష్టమైనది. తెలిసినవాడు తెలియనట్లు ఎందుకు మాట్లాడాడు?

ఈ ప్రశ్న వేసే అర్హత అల్ బీరూనీకి ఉన్నది. క్రీ.శ. 997 మే 24 నాటి చంద్రగ్రహణాన్ని ఆయన ఖ్వారిజ్మ్ లోని కాస్ పట్టణంలోనూ, అబుల్ వఫా బాగ్దాదులోనూ ఒకేసారి పరిశీలించి, ఆ కాలభేదాన్ని బట్టి రెండు నగరాల రేఖాంశ భేదాన్ని లెక్కగట్టారు. 1019 ఏప్రిల్ 8న లంఘాన్ కొండల నడుమ, అప్పటికే గ్రహణం పట్టి ఉదయించిన సూర్యుణ్ణి కూడా ఆయన చూశాడు. గ్రహణాన్ని ఆయన పుస్తకాలలో మాత్రమే ఎరిగినవాడు కాదు.

అధ్యాయంలో ముందు వరాహమిహిరుడు వస్తాడు. ఆరవ శతాబ్దికి చెందిన ఈ పండితుడు బృహత్సంహితలో రాహువు కథలను ఒక్కొక్కటిగా ఖండించి అసలు కారణం చెప్పాడు. అయితే అదే ప్రకరణంలో ఏ గ్రహణం ఏ దేశానికి అరిష్టమో వరుసగా లెక్కపెట్టాడు కూడా. అల్ బీరూనీకి ఇది మింగుడుపడదు. అయినా ఆయన అసలు గురి వరాహమిహిరుడు కాదు, బ్రహ్మగుప్తుడు.

బ్రహ్మగుప్తుడు 628లో బ్రహ్మస్ఫుట సిద్ధాంతం వ్రాశాడు. గ్రహణానికి రాహువు కారణం కాదనేవారిని ఆయన అందులో నిందిస్తాడు. వేదం చెప్పినది, మనుస్మృతి చెప్పినది, గర్గసంహిత చెప్పినది కాదనడం తగదంటాడు. రాహువు కాదంటే గ్రహణకాలంలో చేసే స్నానాలు, జపాలు, దానాలు వ్యర్థమై పోతాయి గదా అని అడుగుతాడు. అల్ బీరూనీ దీనికి ఇచ్చిన సమాధానం ఆ గ్రంథంలోకెల్లా వాడియైన వాదాలలో ఒకటి. మరి ఇన్ని మాటలు చెప్పిన తరువాత, సూర్యగ్రహణం కోసం చంద్రబింబం వ్యాసాన్నీ, చంద్రగ్రహణం కోసం భూచ్ఛాయ వ్యాసాన్నీ గణించడం దేనికి? ఎవరిని మతభ్రష్టులన్నావో వారి పద్ధతిలోనే లెక్క వేయడమేమిటి? ఇదీ ఆ సమాధానపు సారాంశం.

ఇక్కడితో ఆగి ఉంటే అది ఉత్త వాదవిజయమే అయ్యేది. అల్ బీరూనీ మరొక అడుగు వేశాడు. ఇంత విద్య, ఇంత చురుకైన బుద్ధి గలవాడు అంతరాత్మకు విరుద్ధంగా మాట్లాడాడంటే, సోక్రటీసుకు వచ్చినటువంటి ఆపద ఏదో ఈయనకూ వచ్చి ఉండాలని ఊహించాడు. పైగా ఆ గ్రంథం వ్రాసేనాటికి బ్రహ్మగుప్తుడి వయస్సు ముప్ఫై ఏండ్లేనని గుర్తుచేశాడు. అదే ఆయన సాకు అయితే అంగీకరిస్తామని ముగించాడు. ఇతర మతస్థుడైన పండితుడి తప్పు పట్టి, వెంటనే అతనికి ఒక సాకు వెదికిపెట్టిన రచయితలు ఆ కాలంలో ఎందరున్నారు? మన కాలంలో మాత్రం ఎందరున్నారు?

అయినా ఈ తీర్పు నాకు పూర్తిగా సమ్మతం కాదు. జాలితో ఇచ్చిన తీర్పు గాని, సాక్ష్యం చూసి ఇచ్చిన తీర్పు కాదు. బ్రహ్మగుప్తుణ్ణి ఎవరైనా బెదిరించినట్లు అల్ బీరూనీ ఆధారమేదీ చూపలేదు. మరొక లోపం కూడా ఉన్నది. 499 నాటి ఆర్యభటీయంలో సూర్యుణ్ణి చంద్రుడు, చంద్రుణ్ణి భూచ్ఛాయ కప్పుతాయని ఏ దాపరికమూ లేకుండా చెప్పబడి ఉన్నది. ఆ గ్రంథం అల్ బీరూనీకి దొరకలేదు. ఆర్యభటుని గురించి తనకు తెలిసినదంతా బ్రహ్మగుప్తుడు ఉదహరించిన మాటల ద్వారానేనని ఆయనే నిజాయితీగా ఒప్పుకొన్నాడు. మనకు రెండు గ్రంథాలూ అందుబాటులో ఉన్నాయి. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే బ్రహ్మగుప్తుడు భయపడినవాడిలా కనిపించడు. తన పూర్వుడిని ఓడించడానికి ఏ ఆయుధం దొరికినా వదలనివాడిలా కనిపిస్తాడు. ఇతరుల సిద్ధాంతాల తప్పులు పట్టడానికి ఆయన ఒక అధ్యాయమే కేటాయించాడు. అందులో ఎక్కువ దెబ్బలు తిన్నది ఆర్యభటుడే. రాహువు విషయంలో ఆయన చేతికి వచ్చిన ఆయుధం వేదప్రమాణం. సోక్రటీసుతో పోలిక ఆయనకు కాస్త పెద్ద చొక్కాయే అయింది.

అదీగాక, తెలిసినవాడు ఎప్పుడూ తెలివితోనే బతుకుతాడని మనం ఎందుకు అనుకోవాలి? బాబిలోను, అస్సీరియా పండితులను చూడండి. సుమారు 18 సంవత్సరాల 11 రోజులకు గ్రహణాలు మళ్ళీ అదే వరుసలో వస్తాయని కనిపెట్టినది ఆ సంప్రదాయమే. అయితే క్రీస్తు పూర్వం ఏడవ శతాబ్దిలో, ఎసర్హద్దోను పాలనలో, గ్రహణం రాజుకు కీడని తేలితే అదే పండితులు ఒక అనామకుణ్ణి తెచ్చి సింహాసనం మీద కూర్చోబెట్టేవారు. కీడు అతని మీదికి పోయిందనుకున్న తరువాత అతణ్ణి చంపేవారు. గ్రహణం ఎప్పుడు రాగలదో ముందే అంచనా కట్టగలిగినందువల్లనే ఆ ఏర్పాట్లు అంత పద్ధతిగా సాగాయి. లెక్క పెరిగినంత మాత్రాన భయం తగ్గలేదు.

మన వైపు సంగతి చూద్దాం. దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) కుమారుడు ఇబ్రాహీం మరణించిన రోజున సూర్యగ్రహణం పట్టింది. అది 632 జనవరి 27 నాటి గ్రహణమని గణకులు నిర్ణయించారు. పసివాడి మరణానికి ఆకాశం కూడా దుఃఖించిందని మదీనా ప్రజలు అనుకున్నారు. ఆయన నమాజు చేయించి, సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలలో రెండనీ, ఎవరి చావుకోసమూ ఎవరి పుట్టుక కోసమూ వాటికి గ్రహణం పట్టదనీ స్పష్టం చేశారు. పుత్రశోకంలో ఉన్న తండ్రి ఊరకున్నా చాలు, ఆ నమ్మకం ఆయన ఇంటి గౌరవాన్నే పెంచేది. ఆయన ఊరకుండలేదు.

తరువాత 1095లో ఇమామ్ గజాలీ (రహ్మ) తహాఫుతుల్ ఫలాసిఫా పీఠికలో ఈ విషయమే ఎత్తుకున్నారు. గ్రహణాల గురించి గణితజ్ఞులు చెప్పినదానిని ధర్మం పేరిట ఖండించేవాడు ధర్మానికే హాని చేస్తున్నాడని వ్రాశారు. లెక్క తెలిసినవాడికి అనుమానం వస్తే అది లెక్క మీద రాదు, ధర్మం మీదనే వస్తుందని ఆయన తర్కం. ఇక్కడ మనవాళ్ళు ఛాతీ విరుచుకోవడం సహజం. కాని న్యాయం మాట్లాడాలంటే ఒకటి ఒప్పుకోవాలి. ఇమామ్ గారి పని సులువు. ఆయన ముందున్న హదీసు గ్రహణానికి భౌతిక కారణమేదీ చెప్పలేదు. కొన్ని ఉల్లేఖనాలలో చివర కనిపించే అదనపు వాక్యం ప్రామాణికం కాదనీ, అయినా దానికి అర్థం చెప్పుకోవచ్చుననీ ఆయన అన్నారు. బ్రహ్మగుప్తుడి ముందున్నదో? స్వర్భానుడు సూర్యుణ్ణి చీకటితో కొట్టాడని చెప్పే ఋగ్వేద మంత్రం. ఆయన మోయవలసిన బరువు వేరు.

బరువు తక్కువైన మనం దానిని ఎలా మోశామో కూడా చెప్పాలి. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం తెలుగుదేశం మీదుగా సాగింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జపాల్-రంగాపూర్ వేధశాల ఆ దారిలోనే ఉన్నది. ఆనాడు నల్గొండ ప్రాంతంలోని మా ఊళ్ళో మసీదులో గ్రహణపు నమాజు జరిగింది, మా నాన్నగారు చదివి వచ్చారు. వచ్చేసరికి ఇంట్లో మా దాదీ తలుపులన్నీ బిగించి, నిండు నెలల గర్భిణి అయిన మా అమ్మను కత్తి ముట్టనీయకుండా, కాలు ముడవనీయకుండా, వెల్లకిలా పడుకోబెట్టి ఉన్నదట. కాలు కదిపితే బిడ్డకు అవకరం వస్తుందని ఆమె భయం. (ఆ బిడ్డ ఈ వ్యాసకర్తే. అవకరం రాలేదు.) నాన్నగారు ఒక్క మాటా అనలేదు. నమాజు చేయించిన పెద్దాయనా అనలేదు. ఆయన మదరసాలో తస్రీహ్ చదివినవాడు, భూచ్ఛాయ బొమ్మ గీసి చూపగలిగినవాడు. ఆ పెద్దాయన్ని ఎవరూ విషం తాగమనలేదు గదా! ఇంటివాళ్ళ మనసు నొప్పించడం ఎందుకని ఊరకున్నాడు, అంతే. అల్ బీరూనీ అధ్యాయం అనువదిస్తున్నంత కాలం బ్రహ్మగుప్తుడి పక్కన నాకు ఆయన కూడా కనబడుతూ ఉన్నాడు.

చివరగా అనువాదానికి సంబంధించిన ఒక చిక్కు. రాహువుకు అల్ బీరూనీ అరబీలో వాడిన మాట ‘రఅస్’, అంటే తల. జఖౌ 1888 నాటి తన ఆంగ్లానువాదంలో దానిని అక్షరాలా తల అనే చేశాడు. కాని అరబీ ఖగోళశాస్త్రంలో రఅస్ అంటే చంద్రుని మార్గం సూర్యమార్గాన్ని దాటే బిందువు కూడా. రెండవ బిందువు ‘జనబ్’, తోక. ఆ తలా తోకా గల జంతువు ఒక మహాసర్పం. అంటే పామును నమ్మని అరబీ గణకులు కూడా దాని పేరును వదలలేదు. తెలుగులో నేను ‘పాతబిందువు’ అని వ్రాస్తే గణితం మిగులుతుంది, వివాదం మాయమవుతుంది. ‘రాహువు’ అంటే వివాదం మిగులుతుంది, కాని అల్ బీరూనీ కూడా పురాణం చెబుతున్నట్లు ధ్వనిస్తుంది. పాఠకులు నవ్వుకున్నా సరే, వాదం జరిగేచోట రాహువు అనీ, లెక్క జరిగేచోట పాతబిందువు అనీ వ్రాశాను. గ్రహణం అనే మాటను మాత్రం ముట్టుకోలేదు. దానిలోనూ పట్టుకోవడం ఉన్నది, పట్టు, విడుపు అని పంచాంగం ఇప్పటికీ వ్రాస్తుంది. అరబీ ‘ఖుసూఫ్’లోనూ భూమిలోకి దిగబడిపోవడం అనే అర్థం ఉన్నది, ఖారూన్ కథలో వచ్చే క్రియ అదే.