గడప దగ్గర పట్టుకోవాలి

"ఇంట్లో ఎవరికైనా జ్వరం తగిలిందా అమ్మా?" మలేరియా మీద ఇంతకంటే పదునైన ఆయుధాన్ని నేను చూడలేదు. పాడేరు ఏజెన్సీలో డాక్టరుగా ఉన్నప్పుడు, ఊరూరా తిరిగే ఆరోగ్య కార్యకర్తల వెంట కొండదారుల్లో నడిచి నేర్చుకున్నది, పీహెచ్‌సీలో కూర్చుని నేర్చుకున్నదానికంటే ఎక్కువ.

వాళ్ల చేతి నేర్పు చూడాలి. ఎడమచేతి ఉంగరపు వేలిని తుడిచి, సూదితో చటుక్కున గుచ్చి, ఒకే స్లైడు మీద మందంగా ఒక పూత, పలచగా ఒక పూత తీస్తారు. క్రిమి ఉందో లేదో మందపు పూతలో దొరుకుతుంది, అది ఏ జాతిదో పలచని పూతలో తేలుతుంది. ఇప్పుడు కిట్‌లు వచ్చాయి, పావుగంట, ఇరవై నిమిషాల్లో అక్కడికక్కడే ఫలితం చెప్పేస్తాయి. మంచిదే. కానీ అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది.

వైవాక్స్ మలేరియాకు క్లోరోక్విన్ 3 రోజులు, ప్రైమాక్విన్ 14 రోజులు. మూడో రోజుకే జ్వరం దిగుతుంది, మనిషి పొలానికి పోతాడు, మిగిలిన మాత్రలు చూరులోనే ఉండిపోతాయి. కాలేయంలో నక్కిన క్రిమి వారాలకో, నెలలకో మళ్లీ లేస్తుంది. మాత్రలు మింగాడో లేదో చూడడానికి మళ్లీ ఆ కొండెక్కే మనిషి కావాలి. పట్నంలో ఎంత పెద్ద ఆస్పత్రి కట్టినా ఈ పని చేయలేదు.

రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో ఈ క్రిమిని చూసింది మన సికింద్రాబాద్‌లోనే, 1897లో. దేశంలో నిర్మూలన కార్యక్రమం 1958లో మొదలైంది. 1965 నాటికి కేసులు లక్షకు దిగాయి. 1976లో 64 లక్షలు దాటాయి! దోమలు మందుకు లొంగకపోవడం, డీడీటీ చాలకపోవడం కారణాలే. నన్ను ఎక్కువగా బాధించే కారణం మరొకటి: జబ్బు తగ్గిందనుకున్న చోట నిఘాను గ్రామీణ ఆరోగ్య వ్యవస్థకు అప్పగించారు, ఆ భారం మోసే మనుషులు మాత్రం అక్కడ చాలినంతమంది లేరు.

2005 తర్వాత ఆశాలు వచ్చారు. అదే ఊరి ఆడపడుచు, ఏ ఇంట్లో ఎవరు మూలుగుతున్నారో ఆమెకు ముందే తెలుసు. ఆమెకు కిట్లూ మాత్రలూ తెగకుండా అందించాలి, పారితోషికం నెలనెలా చెల్లించాలి. ఏజెన్సీలో ఖాళీ అయిన ప్రతి ఆరోగ్య కార్యకర్త పోస్టునూ తొలకరికి ముందే భర్తీ చేయాలి.