మందు మంచిదే, మన ప్రశ్నకు జవాబేనా?

పలాసలో రైలు దిగి సముద్రము వైపు సాగితే జీడి, కొబ్బరి, పనస తోటల నడుమ ఉద్దానపు పల్లెలు కనిపిస్తవి. ఉద్యానమే ఉద్దానమైనదని పెద్దలంటారు. ఇంత పచ్చని సీమలో మూత్రపిండముల వ్యాధి దశాబ్దాలుగా తిష్ఠ వేసియున్నది. 2019లో ప్రచురింపబడిన ఒక పరిశీలనలో 2,210 మందిని పరీక్షింపగా నూటికి 18 మందికి ఈ వ్యాధి కనిపించినది. వారిలో పెక్కుమందికి మధుమేహము లేదు, రక్తపుపోటు లేదు. కారణము నేటికీ తేలలేదు. టెక్కలి, పలాస, సోంపేటలలో డయాలిసిస్ యంత్రముల చెంత వంతుకై వేచియున్నవారికి "మూత్రపిండములను కాపాడే కొత్త మందు వచ్చినది" అన్న వార్త ఎంత ఆశ కలిగించునో చెప్పనక్కర లేదు.

అట్టి మందులలో ఒకటి డాపాగ్లిఫ్లోజిన్. మొదట మధుమేహమునకు వాడిన ఈ మందును మూత్రపిండముల వ్యాధిలో పరీక్షించి, ఫలితములను 2020లో ప్రకటించినారు. ఆ పరీక్ష పేరు డాపా-సీకేడీ. "ప్రమాదము 39 శాతము తగ్గినది" అని దాని ముఖ్య ఫలితము. అదే సంవత్సరము మన దేశములో ఈ మందుపై ఒక పేటెంటు గడువు తీరి, అనేక కంపెనీలు దీనిని తయారు చేయసాగినవి. కాబట్టి ఈ పరీక్షను కొంచెము నిదానముగా చదవవలసిన అవసరము మనకున్నది.

మొదట దాని గుణములను చూతము. 21 దేశములలో, మన దేశము కూడా అందులో ఒకటి, 4,304 మంది రోగులను తీసుకొని, చీటీలు వేసినట్లుగా రెండు సమాన భాగములు చేసినారు. ఒక భాగమునకు మందు, రెండవ భాగమునకు అదే రూపములో ఉన్న ఉత్తుత్తి మాత్ర. ఎవరికి ఏది ముట్టినదో రోగికీ తెలియదు, వైద్యునికీ తెలియదు.

చీటీలు ఎందుకు? ఉపాధ్యాయులకు ఇది సులభముగా బోధపడును. సాయంకాలపు ట్యూషనుకు తమంతట తాము వచ్చిన పిల్లలకు ఎక్కువ మార్కులు వచ్చినవనుకొందము. అది ట్యూషను మహిమయా, లేక వారికి మొదటి నుండీ ఉన్న శ్రద్ధయా? చెప్పలేము. ఎవరు రావలెనో చీటీ తేల్చినప్పుడే శ్రద్ధ గలవారు రెండు వైపులా సమముగా పంచబడుదురు. ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ రూపొందించిన ప్రకారము బ్రిటనులో స్ట్రెప్టోమైసినును క్షయరోగులపై ఇట్లే పరీక్షించి, ఫలితములను 1948లో ప్రకటించినారు. ఆరు మాసములలో, మందు పొందిన 55 మందిలో నలుగురు, పొందని 52 మందిలో 14 మంది మరణించినారు. ఆ తేడాను మందుకే ఆపాదించగలుగుటకు కారణము ఆ చీటీలే.

ఇక 39 శాతమును విప్పి చూతము. ఉత్తుత్తి మాత్ర తీసుకొన్న 2,152 మందిలో 312 మందికి, అనగా నూటికి 14.5 మందికి కీడు జరిగినది. మందు తీసుకొన్న 2,152 మందిలో 197 మందికి, అనగా నూటికి 9.2 మందికి జరిగినది. తేడా నూటికి సుమారు 5. రోగులు పరీక్షలో గడిపిన కాలమును కూడా లెక్కలోనికి తీసుకొన్నప్పుడు ఈ తేడాయే 39 శాతమైనది. రెండు లెక్కలూ నిజమే. కాని సామాన్యునికి అర్థమయ్యే మాట వేరు: సుమారు రెండున్నర సంవత్సరములు 19 మంది మందు వాడితే ఒకరికి కీడు తప్పును. 39 శాతమని విన్న రోగి తన విషయములో ఇంతకంటె చాలా ఎక్కువ ఆశించునేమో!

"కీడు" అనగానేమి? ఇక్కడ మూడింటిని ఒకే గంపలో వేసినారు: మూత్రపిండముల శక్తి సగానికి పడిపోవుట, అవి పూర్తిగా చెడుట, మూత్రపిండముల వలన గాని గుండె జబ్బు వలన గాని మరణించుట. ఇట్టి గంపను చూచినప్పుడు వస్తువులను విడివిడిగా తీసి చూడవలెను. మూత్రపిండములు పూర్తిగా చెడినవారు అటు 161, ఇటు 109. ఏ కారణము చేతనైనను మరణించినవారు అటు 146, ఇటు 101. అన్నీ ఒకే దిక్కుకు మొగ్గినవి. ఇది పరీక్షకు బలము.

లోపములు లేకపోలేదు. ఫలితము స్పష్టమైనదని పరీక్షను గడువుకు ముందే ఆపినారు. అది రోగుల మేలుకే. కాని పంట బాగున్న పూట చూచి దిగుబడి కట్టినట్లు, ముందుగా ఆపిన పరీక్షలు మందు గుణమును కొంత పెంచి చూపే అవకాశము కలదు. ఖర్చు భరించినది మందు తయారుచేసే కంపెనీయే. అది తప్పు కాదు, మరింత జాగ్రత్తగా చదవమనే హెచ్చరిక.

అసలు ప్రశ్న మరొకటి. ఈ పరీక్ష గుమ్మము దాటి లోపలికి వచ్చినవారెవరు? వారి సగటు వయస్సు సుమారు 62. మూడింట రెండు వంతుల మందికి మధుమేహమున్నది. మూత్రములో ఆల్బుమిన్ బాగా పోతున్నవారినే తీసుకొన్నారు. ఉద్దానపు వ్యాధి లక్షణమో, ఆల్బుమిన్ తరచు స్వల్పముగానే పోవుట. అనగా మన రోగులలో పెక్కుమందిని ఆ గుమ్మము దగ్గరనే ఆపివేసి ఉందురు.

2022లో వెలువడిన ఎంపా-కిడ్నీ అను మరొక పరీక్ష ఇదే జాతి మందును ఆల్బుమిన్ తక్కువగా పోయేవారికి కూడా ఇచ్చి చూచినది. 6,609 మంది మొత్తములో మేలు కనిపించినది. ఆల్బుమిన్ బాగా తక్కువగా ఉన్నవారిలో మాత్రము ముఖ్య ఫలితములో స్పష్టమైన తేడా రాలేదు. అయితే వారిలోనూ మూత్రపిండముల శక్తి ఏటా తరిగే వేగము కొంత మందగించినది. ఆశకు చోటున్నది, నిశ్చయమునకు లేదు. పరీక్ష జరిగిన ఎనిమిది దేశములలో మన దేశము లేదు.

మరొక మాట. ఈ మందు చక్కెరతో పాటు ఉప్పును, నీటిని కూడా మూత్రములో వెలికి పంపును. డాపా-సీకేడీలో శరీరములో నీరు తగ్గినవారు ఉత్తుత్తి మాత్ర వైపు నూటికి 4.2, మందు వైపు 5.9. చల్లని గదిలో కూర్చున్నవానికి ఇది చిన్న తేడా. వైశాఖపు టెండలో జీడితోటలో పనిచేసే కూలీకి? ఎండ, దాహము ఈ వ్యాధికి కారణములలో చేరునేమో అన్న అనుమానము కూడా ఉన్నప్పుడు ఈ ప్రశ్నను తోసివేయరాదు. ఇందువలన వైద్యుడు వ్రాసిన మందును మానవలెనని కాదు. ఎండలో పని చేయుదునని వైద్యునితో చెప్పుట మరువరాదని.

మన రోగుల ప్రశ్నకు మన రోగులపైనే జవాబు వెదకిన ఉదాహరణ దూరమున లేదు. 1956లో మద్రాసులో నెలకొల్పిన క్షయ చికిత్సా కేంద్రము పేద రోగులను చీటీల ప్రకారము కొందరిని ఇంటివద్ద, కొందరిని శానిటోరియములో ఉంచి ఒకే మందులిచ్చినది. ఇంటి చికిత్స ఏమాత్రము తీసిపోదని 1959లో తేలినది. ప్రపంచమంతా దారి మార్చుకొన్నది.

ఉద్దానములో అట్టి అవకాశము ఒకటి మన ముందు నుండి పోయినది. హిరమండలం జలాశయము నుండి ఏడు మండలములకు మంచినీరు తెచ్చే పథకమును 2023 డిసెంబరులో ప్రారంభించినారు. నీరు అందరికీ రావలసినదే. కాని గొట్టములు అన్ని ఊళ్లకూ ఒకే దినమున చేరవు. ఏ ఊరికి ముందు అన్నది చీటీ వేసి తేల్చి, ఊరూరా రోగుల లెక్క వ్రాసియుంచినచో ఎవరికీ అన్యాయము జరగదు. నీటికీ వ్యాధికీ గల సంబంధము కొన్నేండ్లలో తేలును.

తరగతిలో ఏ మందు వార్త చదివినను విద్యార్థులచేత నాలుగు ప్రశ్నలు అడిగించవలెను: చీటీలు వేసినారా? నూటికి ఎందరు? గంపలో ఏమున్నది? లోపలికి వచ్చినవారిలో మావంటివారున్నారా? నాలుగవ ప్రశ్నకు జవాబు పుస్తకములో దొరకదు. దానిని ఉద్దానములోనే వెదకవలెను.