మిరపకాయ లేని పులుసు

మైపాడు ఇసుకలో కూర్చుని నవల మొదటి అధ్యాయం రాశాను. మనుమసిద్ధి నెల్లూరు ఏలుతున్న కాలం, అంటే 13వ శతాబ్దం నడిమి భాగం. చేపలు పట్టే పట్టపు కులం ముసలమ్మ ఒకతె సరుగుడు తోపు నీడన పొయ్యి పెట్టి, ఎండుమిరపకాయలు నూరి, వంజరం పులుసు కాస్తోంది. వెనకాల కాలువలో పడవ పోతోంది. రాసిన పూట భలే కుదిరిందనుకున్నాను. మర్నాడు చదువుకుంటే ముసలమ్మ, చేప, పొయ్యి తప్ప ఏమీ మిగల్లేదు.

సరుగుడు మన తీరానికి 19వ శతాబ్దంలో వచ్చిన చెట్టు. బకింగ్‌హాం కాలువా ఆ శతాబ్దంలో తవ్వినదే. ఇక మిరపకాయ. పోర్చుగీసువాళ్ళు ఓడల్లో తెచ్చేదాకా దాని మొహం మనవాళ్ళెవరూ చూడలేదు. నెల్లూరు చేపల పులుసులో మిరపకాయ లేదని రాయడానికి ఈ జిల్లాలో పుట్టినవాడికి ఎంత గుండె కావాలో వేరే చెప్పాలా?

చారిత్రక నవల రాస్తున్నానంటే ఎన్ని పుస్తకాలు పోగేశావని అడుగుతారు. ఎన్ని పీకేశావని ఎవరూ అడగరు. నా పని సగం కలుపుతీతే. తీరం వెంబడి నడుస్తూ రొయ్యల గుంటలు తీసేయాలి, కరెంటు స్తంభాలు తీసేయాలి, కృష్ణపట్నం దగ్గర క్రేన్లూ పొగగొట్టాలూ తీసేయాలి. తాటిచెట్లు ఉండనివ్వచ్చు. ఉప్పుగాలి ఉండనివ్వచ్చు.

ఆ తర్వాత మాటల వంతు. ముసలమ్మ కొడుకు 'బజారుకు పోయొస్తా' అన్నాడు. బజారు పారసీ మాట, కొట్టేశాను. జవాబు, ఖర్చు, ఖాళీ కూడా పోయాయి. చివరికి 'రోజు' దగ్గర ఆగిపోయాను. అదీ అటునుంచి వచ్చిందే. అది లేకుండా తెలుగువాడు పూట గడపడమెట్లా? సంస్కృతం నింపుదామంటే పాత్రలు శిలావిగ్రహాల్లా బిగుసుకుపోతాయి. అప్పుడు దిక్కు తిక్కనే. మనుమసిద్ధి కొలువులో ఉండి భారతం పదిహేను పర్వాలు తెలుగు చేసినవాడు. మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడే చోట ఆయన తెలుగు పలుకుబడికే మొగ్గుతాడు. నిఘంటువు కన్నా ఆయన సంభాషణలే నాకు ఎక్కువ పనికొచ్చాయి.

శాసనాల సంగతీ చెప్పాలి. బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి 1905లో అచ్చువేసిన నెల్లూరు జిల్లా శాసనాల సంపుటాలు మూడు నా బల్లమీదే ఉంటాయి. కృష్ణపట్నానికి కొల్లితురై, గండగోపాలపట్టణం అనే పాత పేర్లున్నాయని శాసనాల వల్లనే తెలుస్తుంది. గుడికి ఇచ్చిన పొలం కొలత దొరుకుతుంది, అఖండదీపానికి ఇచ్చిన గొర్రెల లెక్క దొరుకుతుంది. ఆ గొర్రెలు కాసినవాడు రాత్రి ఏం తిన్నాడో మాత్రం దొరకదు. కొంచెం ఉత్తరాన మోటుపల్లిలో గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం నయం. తుపానుకు ఒడ్డున పడ్డ ఓడల సరుకు మునుపటి రాజులు లాక్కునేవారనీ, తాను సుంకం తప్ప ముట్టననీ చెప్పుకున్నాడు. సుంకం ముప్పయ్యో వంతు. సరుకుల జాబితాలో కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, పట్టునూలు, వాటితోపాటు మిరియాలు.

మిరియాలు! మిరపకాయకు ఆ పేరొచ్చిందీ దీన్నుంచే. నా ముసలమ్మకు కారం దొరికింది గానీ, సుంకం కట్టి ఓడ దిగిన సరుకు పట్టపు గుడిసెకు ఎట్లా వచ్చిందన్నది తేలలేదు.

అది అట్లా పక్కన పెట్టి మనుమసిద్ధి సేనాని ఖడ్గతిక్కన అధ్యాయానికి వెళ్ళాను. పుల్లరి, అంటే పశువుల మేత పన్ను, తగాదాలో గొల్లల నాయకుడు కాటమరాజు మీదికి యుద్ధానికి పోయి, ఓడి వెనక్కి వచ్చిన ఖడ్గతిక్కనకు భార్య చానమ్మ స్నానానికి మంచం చాటు పెట్టి పసుపు ముద్ద ఉంచిందనీ, తల్లి ప్రోలమ్మ విరిగిన పాలు వడ్డించిందనీ చాటువులు చెప్పే కథ అందరికీ తెలిసిందే. సైన్యం విరగడానికీ పాలు విరగడానికీ తెలుగులో ఒకటే మాట. ఆ చమత్కారం మోజులో పడి, విస్తట్లో పాలు గాక ఇంకేమున్నాయని ఎవరూ చూసినట్టు లేదు. గొల్లల కాటమరాజు కథలో న్యాయం కాటమరాజు వైపే ఉంటుంది. నాకూ మొగ్గు అటే. అయినా ఆ విస్తరి నన్ను వదల్లేదు.

సమాధానం ఎదురింట్లో దొరికింది. వాళ్ళ తద్దినం భోజనంలో మిరపకాయ లేదు, టమాటా లేదు, బంగాళాదుంప లేదు. మిరియాలు, అల్లం, పెసరపప్పు, అరటికాయ. చచ్చిపోయిన పెద్దలకు వాళ్ళెరిగిన వంటే పెడుతున్నామన్న సంగతి వడ్డించేవాళ్ళకు తట్టలేదు. నేను మాత్రం మజ్జిగ పోసుకునే లోపు ఆ అధ్యాయం మనసులో రాసేసుకున్నాను.

ఆ ఉత్సాహంతో ఇందుకూరుపేటలో మా పెద్దమ్మ దగ్గరికి పోయి మిరియాలతో చేపల పులుసు పెట్టించాను. చింతపండు, మామిడికాయ ఉండనిచ్చాం. తిట్టుకుంటూనే పెట్టింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని నా వైపు చూసింది.

"ఇదేం పులుసబ్బా, బాలింతకు పెట్టే పత్యం మాదిరుండాది."

మిరియాలు గుడిసెకు ఎట్లా వచ్చాయన్న, ఎనిమిది నెలలుగా తెమలని ముడి ఆ మాటతో విడిపోయింది. ఇంటికొచ్చి మొదటి అధ్యాయం మళ్ళీ తీశాను. వంజరం కొట్టేసి సొర అని రాశాను, బాలింతకు పాలు పడతాయని ఈ తీరంలో పెట్టే చేప అదే కదా. తోపు కొట్టేసి తాటాకు పందిరి వేశాను. పందిరి కింద ముసలమ్మ కూతురు, పొత్తిళ్ళలో పది దినాల పిల్ల. ముసలమ్మ కొంగు ముడి విప్పి, కానుపు కోసమని ఏడాదిగా దాచిన మిరియాలు అరచేతిలో పోసుకుని లెక్కపెట్టుకుంటోంది.