విజ్ఞానసర్వస్వమునఁ జోటెవరికి?

గడచిన వేసవిలో సికింద్రాబాదునందలి మోండా మార్కెట్టునకు ధనియములు కొనఁబోయితిమి. అంగడివాఁడు పాఁత యచ్చుకాగిత మొకటి తీసి పొట్లము గట్టి యిచ్చెను. ఇంటికి వచ్చి విప్పి చూడఁగా నది యేదో తెలుఁగు పత్రికలోని పుట. అందొక హరికథకురాలిని గూర్చిన సమీక్ష యున్నది. ఆమె కీర్తనలను దెలుఁగునఁ బాడి, సభలోఁ దెలుఁగు రానివారును గూర్చుండుటచే నడుమనడుమ హిందూస్థానీలో నర్థము చెప్పెడిదనియు, మృదంగకారుఁడు రాని యొకనాఁడు చిడుతలతోడనే రాత్రి యంతయుఁ గథ నడపెననియు నా విమర్శకుఁడు వ్రాసెను. వట్టి పొగడ్త కాదు. ఉచ్చారణమునందలి యొకటి రెండు దోషములను గూడఁ జూపినాఁడు. ఆమె పేరులో మొదటి రెండక్షరములే మిగిలినవి, తక్కినది చినిఁగిపోయినది. పుటపై నెచ్చటను బత్రిక పేరు లేదు, సంవత్సరము లేదు. మఱునాఁడు మరలఁ బోయి యడిగితిమి. "ఆ కట్ట నిన్ననే ఒడిసింది సార్" అని యంగడివాఁడు చెప్పెను.

ఈ కథకురాలికి విజ్ఞానసర్వస్వమునఁ జోటు కలదా యనునదే మా ప్రశ్న.

తెలుఁగు వికీపీడియా 2003 డిసెంబరులో నారంభమైనది. ఎవరిని గూర్చి ప్రత్యేకవ్యాస ముండఁదగు నను దానికి అందలివారు పెట్టుకొన్న మాట "విషయప్రాముఖ్యత". వ్యక్తి గొప్పవాఁడని వ్రాయువాఁడు నమ్మినఁ జాలదు. అతనితో సంబంధము లేనివారు, నమ్మఁదగిన ప్రచురణములలో, చెప్పుకోఁదగినంత విపులముగా నతనిని జర్చించియుండవలెను. స్థూలముగా నిదియే నియమము.

ఈ విచారణ క్రొత్తది గాదు. గురజాడ శ్రీరామమూర్తిగారు కవిజీవితములను, వీరేశలింగముపంతులుగారు ఆంధ్రకవుల చరిత్రమును రచించునపుడు నిది తప్పలేదు. పంతులుగారు ముద్దుపళనిని గూర్చి వ్రాసినది మిక్కిలి పరుషమైన నింద. ఐనను నింద యొక యాధారమే. అది యామె పేరును మఱుగుపడనీయలేదు. తరువాత 1910లో బెంగుళూరు నాగరత్నమ్మగారు రాధికాసాంత్వనమును సమగ్రముగా నచ్చు వేయించిరి. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి ఆంధ్రవిజ్ఞానసర్వస్వమునకు వేఱొక చిక్కు కలిగినది. అకారాదిగా సంపుటములు వెలువడుచుండఁగా, దొలి యక్షరములు దాఁటకమునుపే 1923లో వారు స్వర్గస్థులైరి. కావున నా సంపుటములలో వకారముతో మొదలగు పేరుగల మహాకవికంటె, అకారముతో మొదలగు పేరుగల సామాన్యునకే యదృష్ట మెక్కువ!

అచ్చుపుస్తకమునకుఁ గాగితపు వెల కలదు, వికీపీడియాకు లేదు, అందఱను జేర్చిన నేమి యని యడుగువారు కలరు. ఇది సరి కాదు. చోటు చాలక కాదు, సరిచూచువారు చాలక యీ నియమ మవసరమైనది. సన్మానపత్రములును బిరుదములును వెలకు దొరకుచున్నవని సాహిత్యసభలకుఁ బోవువా రెల్లరు నెఱుఁగుదురు. తన్నుఁ దానే కవిసార్వభౌముఁడని వ్రాసికొనువానిని నిలువరించుటకు స్వతంత్రమైన యాధారము కావలసినదే. ఆ భాగమును మేము సంపూర్ణముగా నంగీకరించుచున్నాము.

మా యాక్షేపణము వేఱు. ఆ నియమము తాను మనుష్యుని కొలుచుచున్నా ననుకొనును. కాని పలుమాఱులు కొలుచునది యతని యూరనున్న యచ్చుయంత్రములను. నైజాము రాష్ట్రము నిందుకుఁ జూడుఁడు. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనభాష ఉర్దూ. తెలుఁగు చదువరులకు 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము వంటి సంస్థలు కొన్ని మాత్రమే. తెనుఁగు, నీలగిరి పత్రికలు 1922లోను, గోలకొండ పత్రిక మఱికొన్ని యేండ్లకును బుట్టినవి. అంతకు ముందు పల్లెలోఁ గూర్చుండి శతకము వ్రాసినవాని పేరును మఱియొకఁ డచ్చులోఁ జర్చించుట కవకాశ మెక్కడిది? చర్చింపలేదు గనుక నా రాష్ట్రమునఁ దెలుఁగు కవులే లేరని యొక పండితుఁడు వ్రాయఁగలిగెను.

సురవరము ప్రతాపరెడ్డిగారు దీనికిఁ గోపముతో బదులు చెప్పి యూరకుండలేదు. 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. అందలి పద్యము లన్నియు నుత్తమములని మే మనము. గణయతిప్రాసలు కుదిరిన చాలునన్నట్లున్నవియుఁ గలవు. ఐనను ఉత్తమకవి యెవ్వఁడను ప్రశ్న వేఱు, కవి యుండెనా యను ప్రశ్న వేఱు. ప్రతాపరెడ్డిగారు రెండవదానికి సాక్ష్యమును గూర్చిరి. మొదటిదానిని విమర్శకులకు విడిచిరి. నేఁటి విజ్ఞానసర్వస్వకర్తలును నీ రెంటిని వేఱు చేయవలెను. ఒక పద్యము, ఒక యూరి పేరు మాత్రమే తెలిసిన కవికిఁ బ్రత్యేకవ్యాస మేల? అట్టివారి నెల్ల నొక్క పట్టికలో నూరివారీగాఁ జేర్చినఁ జాలును. కాని పట్టికలో సయితము చేర్పక త్రోసివేయుట మాత్రము తగదు.

పొరపాటు మనకే పరిమితమైనది గాదు. 1885లో మొదలైన ఆంగ్లేయుల జాతీయజీవితచరిత్రకోశమునఁ గవి జెరార్డ్ మాన్లీ హాప్కిన్సునకుఁ జోటు దొరకలేదు. ఆయన 1889లో మరణించెను; కవితాసంపుటము 1918లో వెలువడెను. విడిచినవారికై 1993లో వేసిన యనుబంధసంపుటమునఁ గాని యాయన చేరలేదు. భౌతికశాస్త్రజ్ఞురాలు డోనా స్ట్రిక్‌లాండును గూర్చి ఆంగ్ల వికీపీడియాకుఁ బంపిన చిత్తుప్రతి 2018 మే నెలలో నాధారములు చాలవని తిరస్కృతమైనది. అక్టోబరులో నామెకు నోబెలు బహుమాన మిచ్చిరి. తిరస్కరించినవాఁడు నియమము తప్పలేదు. అదియే యిందలి విచారింపఁదగిన యంశము.

అచ్చు లేనిచోట నోటిమాటను సాక్ష్యముగాఁ గైకొనవచ్చునా యని 2011లో మలయాళము, హిందీ, ఉత్తర సోతో భాషలలో నొక ప్రయోగము జరిగినది. ఊరివారిని బ్రశ్నించి, వారి మాటలను శబ్దగ్రహణము చేసి, దానినే యాధారముగాఁ జూపిరి. ఎవరు చెప్పిరి, ఎప్పుడు చెప్పిరి, చెప్పినవారికిఁ దెలియు మార్గమేది యను మూఁడు విషయములు నమోదైనచో నిట్టి సాక్ష్యము పనికివచ్చునని మా మతము. శాసనములను జదువువారు పల్లె పెద్దల మాటలను వినుట లేదా?

ఆ హరికథకురాలి మాటకు వత్తము. మా చేతనున్న పుట యాధారముగా నిలువదు. పేరు లేని పత్రికను, తేది లేని సమీక్షను, సగము పేరును జూపి వ్యాసము వ్రాసిన, దొలఁగింపుఁడని మేమే చెప్పుదుము. సమీక్షకుఁడు స్వతంత్రుఁడు, వ్రాఁత విపులమైనది, గుణదోషములు రెండును గలవు. నియమము కోరునది యంతయు నొకప్పు డుండినది. పొట్లములైపోయిన కాగితములతోఁ బోయినది.

పుటను, దొరకిన తావును, కొన్న దినమును వ్రాసి యొక సంచిలో భద్రపఱచితిమి. రెండు వరుసల యచ్చు. క్రింది భాగమున నొక తలనూనె ప్రకటన కలదు. ఇట్టి పుట గల పాఁత సంచిక యెవరి యింటనైన నున్నచో, పత్రిక పేరును, సంవత్సరమును, ఆ కథకురాలి పూర్తి పేరును మాకుఁ దెలుపఁ బ్రార్థన.