కళ్లానికి 27

పటాన్‌చెరు అనగానే ముంబై హైవే, మందుల కంపెనీలు, షిఫ్టు బస్సులు గుర్తొస్తాయి. ఆ రోడ్డు పక్కనే 1972 నుంచి అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఉంది. అక్కడి జన్యు బ్యాంకులో జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ, రాగి, మరికొన్ని చిరుధాన్యాల నమూనాలు లక్షా ఇరవై వేలకు పైగా దాచారు. వాటిని దాచిన చలి గదులను అందరూ మెచ్చుకుంటారు. నన్ను కట్టిపడేసింది మాత్రం ఒక్కో నమూనాకు రాసిపెట్టిన రికార్డు. జెనెసిస్ అనే వెబ్‌సైట్‌లో ఆ రికార్డును ఎవరైనా రూపాయి కట్టకుండా చూడొచ్చు.

దీన్ని పాస్‌పోర్ట్ డేటా అంటారు. దేశదేశాల జన్యు బ్యాంకులు ఒకే తీరున రాసేందుకు వీలుగా ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ), ఇంకో అంతర్జాతీయ సంస్థ కలిసి 1997లో ఒక నమూనా పట్టిక తెచ్చాయి. గింజలు ఎక్కడ సేకరించారో చెప్పే గడి అందులో ఒకటి. చేనైతే 21, పెరడైతే 23, రైతు గింజలు నిల్వ చేసుకున్న చోటైతే 26, కళ్లమైతే 27, అంగడైతే 30. ఈ గడి రాసినవాళ్లకు సేద్యం తెలుసు. చేలో కంకి కోస్తే మొక్క ఎత్తు, నేల తీరు కళ్లారా చూసి రాసుకోవచ్చు. కళ్లంలో పట్టిన గింజ ఆ ఊరిదే కావచ్చు గానీ ఏ చెలకదో తెలియదు. అంగడిలో కొన్నదాని ఊరు కూడా ఖాయంగా చెప్పలేం. ఎన్నో ఏళ్ల తర్వాత చదివే విద్యార్థి ఆ గింజను ఎంతవరకు నమ్మొచ్చో ఈ రెండంకెలను బట్టే తేల్చుకుంటాడు.

తేదీ గడి ఇంకా ముచ్చటగా ఉంటుంది. ఏడాది తెలిసి నెల, రోజు తెలియకపోతే ఊహించి నింపకూడదు. అడ్డగీతలో సున్నాలో పెట్టి వదిలేయాలి. అక్షాంశ రేఖాంశాలకు తోడు, ఆ గుర్తు ఎన్ని మీటర్లు అటూ ఇటూ కావచ్చో చెప్పే గడి కూడా తర్వాత చేర్చారు. పరిశోధనకు కొత్తగా వచ్చినవాళ్లు నేర్చుకోవాల్సిన మొదటి పని ఇలా తెలియనిదాన్ని తెలియదని రాయడమేనని నా గట్టి నమ్మకం.

శనగలో బెట్టను తట్టుకునే గుణంపై ఎమ్మెస్సీ థీసిస్ మొదలుపెట్టే అమ్మాయి ముందుగా పేపర్ల కోసం గూగుల్ తెరుస్తుంది. నేనైతే ఈ డేటాబేస్‌తో మొదలుపెట్టమంటాను. పంట శనగ, దేశం భారత్, నాటు రకం అని వడకట్టినా జాబితా పెద్దదే. అక్కడ ఇక్రిశాట్ శాస్త్రవేత్తల పనితనం అక్కరకొస్తుంది. పదహారు వేలకు పైగా శనగ నమూనాల నుంచి ముందు 1,956 ఎంచారు. లక్షణాలు కలిసినవాటిని గుంపులు కట్టి, ఒక్కో గుంపు నుంచి సుమారు పదోవంతు చొప్పున 211 ఏరారు. ఉపాధ్యాయ, ఒర్టిజ్ 2001లో ప్రకటించిన ఈ మినీ కోర్‌లో శనగ వైవిధ్యం చాలావరకు నిలిచింది. 211 వరుసలైతే ఒక విద్యార్థిని ఒక్క సీజన్‌లో చూసుకోగలదు.

ఇక ఒక్కో నమూనాకు జన్యు బ్యాంకు ఇచ్చే నంబరు. బలమైన వేళ్లున్న ఐసీసీ 4958 బెట్ట పరిశోధనల్లో పదేపదే ఎదురవుతుంది. రకాల పేర్లను ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు, నంబరు మాత్రం మారదు. దాన్నే ఇక్రిశాట్ ఓపెన్ యాక్సెస్ రిపాజిటరీలో కొడితే ఆ గింజ మీద వచ్చిన పేపర్లు దొరుకుతాయి. అదే నంబరు చెప్పి, ప్రామాణిక బదిలీ ఒప్పందానికి ఒప్పుకుంటే, పరిశోధన కోసం విత్తనం కూడా అడిగి తెచ్చుకోవచ్చు.