గడ్డను మాత్రమే వెతికి పట్టే సూది

పదేళ్లు దాటిన పిల్లి. గిన్నె ఖాళీ చేసి మళ్లీ తిండికోసం అరుస్తుంది, అయినా వెన్నెముక చేతికి తగులుతుంది. రాత్రుళ్లు కుదురుండదు. ఈ వయసులో ఎంత చురుకో అని ఇంట్లోవాళ్లు మురిసిపోతారు. ఇది థైరాయిడ్ అతిగా పనిచేయడంవల్ల వచ్చే జబ్బని 1979లో వివరించినవారు న్యూయార్క్‌లోని యానిమల్ మెడికల్ సెంటర్‌కు చెందిన మార్క్ పీటర్సన్, ఆయన సహచరులు. అనుభవమున్న వైద్యులు పిల్లి తల కాస్త పైకెత్తి, శ్వాసనాళానికి ఇరువైపులా రెండు వేళ్లు మెల్లగా కిందికి జారుస్తారు. శనగగింజంత గడ్డ వేలికింద జారిపోతే అనుమానం బలపడుతుంది. రక్తపరీక్ష దాన్ని తేలుస్తుంది. ఆ గడ్డ దాదాపు ఎప్పుడూ క్యాన్సర్ కాదు.

నన్ను అబ్బురపరిచేది రేడియోధార్మిక అయోడిన్ చికిత్స. మత్తు అక్కర్లేదు, కోత లేదు, చర్మం కింద ఒక్క సూది. హార్మోన్ తయారీకి థైరాయిడ్‌కు అయోడిన్ కావాలి కనుక, రక్తంలోకి చేరిన మందును అదే లాక్కుంటుంది. అసలు చమత్కారం ఇక్కడే ఉంది. రక్తంలో హార్మోన్ పొంగిపొర్లుతుంటే మెదడు కింద ఉన్న పిట్యూటరీ గ్రంథి థైరాయిడ్‌కు ఆజ్ఞ పంపడం మానేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న కణాలు పని ఆపి పడుకుంటాయి. గడ్డ ఎవరి ఆజ్ఞా వినదు, దాని ఆకలి తగ్గదు. విషం దాదాపుగా దానికే చేరుతుంది. ఆ అయోడిన్‌లోంచి వెలువడే బీటా కిరణాలు కణజాలంలో ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటి పోవు. అందుకే థైరాయిడ్‌ను అంటిపెట్టుకుని కాల్షియాన్ని చూసుకునే పారాథైరాయిడ్ గ్రంథులు క్షేమంగా మిగులుతాయి. శస్త్రచికిత్సలో వాటికి దెబ్బ తగిలే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. గడ్డ నశించాక పడుకున్న కణాలు మెల్లగా మేలుకుంటాయి. ఆ అయోడిన్ అర్ధాయువు 8 రోజులు, కాబట్టి పిల్లిని కొన్నాళ్లు ఆసుపత్రిలో విడిగా ఉంచాలి. మోతాదు తక్కువైతే జబ్బు మిగులుతుంది, ఎక్కువైతే థైరాయిడ్ మందగిస్తుంది. ఆ మోతాదు నిర్ణయించడంలోనే వైద్యుడి నేర్పు తెలుస్తుంది.

ఈ చికిత్స అందనివారికి మెథిమజోల్ అనే మందు ఉంది. మాత్ర మింగని పిల్లులకు దాన్నే జెల్‌గా చేసి చెవి లోపలివైపు, వెంట్రుకలు లేనిచోట రాస్తారు. చేతికి తొడుగు తప్పనిసరి, లేకపోతే మందు మనలోకీ ఇంకుతుంది. పాత పూత తుడవాలి, పూటకో చెవి మార్చాలి. పిల్లి ముఖం గోక్కుంటున్నా, తిండి మానేసినా వెంటనే వైద్యుడికి చెప్పాలి. రోజూ ఈ పని ఓపికగా చేసే ఇంటివాళ్ల చేతులను నేను వైద్యుల చేతులతో సమానంగా గౌరవిస్తాను.

ఇంకొక చిక్కు ఉంది. పెరిగిన హార్మోన్ మూత్రపిండాలకు రక్తాన్ని ఉరకలెత్తిస్తుంది, దాంతో వాటిలోని బలహీనత పరీక్షలకు చిక్కదు. థైరాయిడ్ అదుపులోకి రాగానే అది బయటపడవచ్చు. సూదిలో వెళ్లిన అయోడిన్‌ను వెనక్కి తీసుకోలేం, మాత్రనైతే తగ్గించవచ్చు, ఆపవచ్చు. అందుకే చాలామంది వైద్యులు ముందు కొన్ని వారాలు మెథిమజోల్ ఇచ్చి, మూత్రపిండాలు ఎలా తట్టుకుంటున్నాయో రక్తపరీక్షలో చూసుకుని, ఆ తర్వాతే అయోడిన్ మాట ఎత్తుతారు.